యాంప్లిఫయర్ మీద హెచ్‌పీఎఫ్, ఎల్‌పీఎఫ్, బాస్ బూస్ట్... ఏది ఎక్కడ పెట్టాలి?

మధురవాడ_మనోడు

అందరికీ నమస్తే. కారులో సౌండ్ సిస్టమ్ మార్పించాను. కొత్త ఆండ్రాయిడ్ సెట్టు, ఒక ఫోర్ ఛానల్ యాంప్లిఫయర్, ముందు డోర్లలో ఆరున్నర ఇంచుల కాంపోనెంట్ స్పీకర్లు, డిక్కీలో పోర్టు (గాలి రంధ్రం) ఉన్న బాక్సులో బాస్ కోసం 12 ఇంచుల సబ్‌వూఫర్. యాంప్ ముందు ఛానళ్లు రెండూ డోర్లకి, వెనక రెండూ బ్రిడ్జ్ చేసి (రెంటి పవరూ ఒకటిగా కలిపి) సబ్‌కి ఇచ్చారు.

బయట నిలబడి వింటే అదిరిపోతోంది. లోపల కూర్చుంటే తల వాచిపోతోంది. మధురవాడ నుంచి ఎన్ఏడీ జంక్షన్ చేరేలోపే ఆపేస్తున్నాను. పాత పాటలు పెడితే గాయకుడి గొంతు సగం డాష్‌బోర్డు మీద నుంచి, సగం డిక్కీలోంచి వస్తోంది. సెట్టులో వాల్యూమ్ 25 దాటితే డోర్ స్పీకర్లు చిటపటమంటున్నాయి.

ఇప్పుడు యాంప్ మీద ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. ముందు ఛానళ్ల స్విచ్ 'ఫుల్' మీద ఉంది. వెనక ఛానళ్లది 'ఎల్‌పీఎఫ్' (లో పాస్ ఫిల్టర్) మీద, దాని నాబ్ 150 హెర్ట్జ్ దగ్గర. బాస్ బూస్ట్ 12 డీబీ (డెసిబెల్), అంటే చివరిదాకా. గెయిన్లు రెండూ ముప్పావు వంతు. సెట్టులో కూడా హెచ్‌పీఎఫ్ (హై పాస్ ఫిల్టర్), ఎల్‌పీఎఫ్ అని ఒక పేజీ ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బిగించినతన్ని అడిగితే "ఫుల్ పెట్టాను సార్, ఇంక తిరుగులేదు" అన్నాడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను, ఏది తిప్పాలో చెప్పండి.

గాజువాక_గురు

గురూ, ఫుల్ పెట్టి ఇచ్చాడంటే మంచోడే. చాలామంది సగం పెట్టి పంపించేస్తారు, మళ్లీ మనమే తిరగాలి. బాస్ ఎక్కువనిపిస్తే సెట్టులో ఈక్వలైజర్ తగ్గించుకో, అయిపోయింది. ఈ నాబులు పట్టుకుని కూర్చుంటే తెల్లారిపోద్ది.

కరెంటు_తాత

అదే వద్దంటాను గురూ. యాంప్‌లో 12 డీబీ పెంచి, సెట్టులో 12 డీబీ తగ్గించడం ఏటి? మధ్యలో నలిగిపోయేది స్పీకరు.

మనోడు బాబూ, క్రాసోవర్, అంటే ఏ సౌండు ఏ స్పీకరుకి వెళ్లాలో పంచే ఈ ఫిల్టర్లు, ఎందుకు పెడతారో తెలిస్తే ఎక్కడ పెట్టాలో నీకే తడుతుంది. ఒకే సౌండు అదే మోతాదులో రావాలంటే, ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ అంకె, హెర్ట్జ్‌లో) సగానికి దిగిన ప్రతిసారీ స్పీకరు కోను నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే వచ్చే సౌండు, 40 దగ్గర రావాలంటే 4 మిల్లీమీటర్లు కదలాలి. 20 దగ్గర అయితే 16. ఆరున్నర ఇంచుల డోర్ స్పీకరు ఒక్కో వైపుకి మూడు నాలుగు మిల్లీమీటర్లు శుభ్రంగా కదిలితేనే గొప్ప. నీ ముందు ఛానళ్లు 'ఫుల్' మీద ఉన్నాయి. అంటే సబ్ చేయాల్సిన పని కూడా ఆ చిన్న కోను నెత్తిన పడుతోంది. నువ్వు వింటున్న చిటపట వాట్లు ఎక్కువై వచ్చింది కాదు, కోను తన హద్దు దాటి కొట్టుకుంటున్న చప్పుడు.

హెచ్‌పీఎఫ్ పెట్టావంటే నువ్వు చెప్పిన అంకె కంటే పైనున్నవే స్పీకరుకి వెళ్తాయి. ఎల్‌పీఎఫ్ దానికి తిరగేసిన పని. కాకపోతే ఆ అంకె దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోదు. కైలాసగిరి ఘాట్ రోడ్డు లాగా దిగుతూ పోతుంది. ఎంత వాలుగా దిగుతుందన్నదే ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగానికో రెట్టింపుకో మారినప్పుడల్లా, 12 డీబీ, 24 డీబీ అనేది. హెచ్‌పీఎఫ్ 80 మీద పెట్టి వాలు 12 అయితే, 80 దగ్గరే 3 డీబీ తగ్గి ఉంటుంది. 40కి దిగేసరికి 12 డీబీ తగ్గుతుంది, అంటే పవర్‌లో పదహారో వంతు మిగులుతుంది. వాలు 24 అయితే 40 దగ్గర 250వ వంతు కూడా మిగలదు. మామూలు యాంపుల్లో ఎక్కువగా 12 ఉంటుంది, దాని పుస్తకంలో చూడు.

ప్రస్తుతానికి ముందు ఛానళ్ల స్విచ్ 'హెచ్‌పీఎఫ్' మీదికి మార్చి నాబ్ 80 దగ్గర పెట్టు. వెనక ఎల్‌పీఎఫ్ కూడా 80. బాస్ బూస్ట్ సున్నా. గెయిన్ సంగతి తర్వాత. ఒక్కటి చూసుకో, కొన్ని యాంపుల్లో హెచ్‌పీఎఫ్ పక్కన 'గుణించు 10' అని చిన్న స్విచ్ ఉంటుంది. అది నొక్కి ఉంటే 80 కాస్తా 800 అవుతుంది. అప్పుడు డోర్లు రేకు డబ్బా సౌండు ఇస్తాయి, మళ్లీ ఇక్కడికొచ్చి నన్ను తిడతావు.

సీతమ్మధార_శ్రుతి

గొంతు డిక్కీలోంచి ఎందుకు వస్తోందో నేను చెబుతాను. నేను సంగీతం వైపు నుంచి వచ్చినదాన్ని, వాట్ల లెక్కలు తాతగారికే వదిలేస్తాను.

ఒకటో శ్రుతిలో పాడే మగ గాయకుడి మధ్య షడ్జమం దాదాపు 131 హెర్ట్జ్. కింద మంద్ర పంచమం 98. మీ సబ్‌కి 150 దాకా తలుపులు తెరిచి ఉన్నాయి. పైగా అది 150 దగ్గర ఆగిపోదు, తాతగారు చెప్పిన వాలు వల్ల 200 పైన కూడా కొంత పలుకుతుంది. అంటే ఆయన షడ్జమం పట్టిన ప్రతిసారీ డిక్కీలో 12 ఇంచుల స్పీకరు కూడా షడ్జమం పడుతోంది! స్వరంలోని పై భాగాలు మాత్రం డోర్లలోంచి వస్తున్నాయి. చెవి ఆ రెంటినీ ఒక మనిషిగా కలపలేక సతమతమవుతుంది. మీ తలనొప్పిలో సగం ఇదే అనుకుంటున్నాను.

80 కంటే కింద సౌండు ఏ వైపు నుంచి వస్తోందో చెవికి సరిగా తెలియదు. సినిమా హాళ్లకి, హోమ్ థియేటర్లకి ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ వాళ్లు 80 దగ్గరే గీత గీసింది కూడా అందుకే. సబ్ డిక్కీలో ఉన్నా బాస్ ముందు నుంచే వస్తున్నట్టు అనిపించాలంటే ఆ గీత ఎంత కిందుంటే అంత మంచిది. డోర్ స్పీకర్లు ఎంత కింద దాకా తట్టుకోగలవన్నదే అడ్డు.

పరీక్షకి మృదంగం ఒంటరిగా వాయించిన రికార్డింగు ఏదైనా పెట్టండి. ఎడమ వైపు తొప్పి మీద దెబ్బ, కుడి వైపు చాపు, రెండూ ఒకే వాద్యం నుంచి, ఒకే చోటు నుంచి రావాలి. తొప్పి వెనక సీట్లోనూ, చాపు ముందు అద్దం మీదా పడితే ఎల్‌పీఎఫ్ ఇంకా కిందికి దించాలి. సినిమా పాటల్లో ఇది తేలదు, వాటిలో బాస్ అంతా కలిపి ముద్ద చేసి ఉంటుంది.

గాజువాక_గురు

బాస్ బూస్ట్ సున్నా పెట్టాక 12 ఇంచుల సబ్ కొన్నదెందుకు అమ్మా? బీచ్ రోడ్డులో పక్క కారు అద్దాలు కదలొద్దా?

కరెంటు_తాత

కదిలించు, ఎవరు కాదన్నారు. లెక్క మాత్రం చూడు. బాస్ బూస్ట్ సాధారణంగా 45 హెర్ట్జ్ చుట్టూ ఉన్న సౌండుని ఎత్తుతుంది. 3 డీబీ ఎత్తితే యాంప్ రెట్టింపు పవర్ ఇవ్వాలి, 12 డీబీ ఎత్తితే 16 రెట్లు. పాటలో ఆ చోట 20 వాట్లు తీసుకుంటున్న సబ్‌కి ఇప్పుడు 320 వాట్లు కావాలి. మనోడి యాంప్ బ్రిడ్జ్‌లో 200 ఇస్తుందనుకో. మిగతా 120 ఎక్కడి నుంచి వస్తాయి? రావు. తరంగం పైన, కింద కోసుకుపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటాం. క్లిప్ అవుతూ గంటసేపు నడిస్తే వాయిస్ కాయిల్ వేడెక్కి వార్నిష్ వాసన వస్తుంది. ఆ వాసన ఎరిగినవాడివే కదా నువ్వు.

గాజువాక_గురు

ఎరుగుదును. పోయిన సంక్రాంతికి రెండు సబ్బులు కాలాయి, అది వేరే కథ.

భీమిలి_బ్యాటరీ

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నాకు యాంపూ లేదు, సబ్బూ లేదు. కంపెనీ సెట్టే, డోర్లలో స్పీకర్లు మాత్రం మార్చాను. డప్పు పాటలు పెడితే నా డోర్లూ చిటపటే. నాకు ఈ హెచ్‌పీఎఫ్ దొరికే మార్గం ఉందా?

కరెంటు_తాత

ఉంది నాయనా, చవకలో ఉంది. ఒక్కో స్పీకరు ప్లస్ తీగలో ఒక కెపాసిటర్ వరసగా కలిపితే అదే 6 డీబీ హెచ్‌పీఎఫ్. 4 ఓమ్‌ల స్పీకరుకి 100 హెర్ట్జ్ దగ్గర కోత పడాలంటే 400 మైక్రోఫారడ్ దగ్గరలో ఉండాలి. బైపోలార్‌దే (ప్లస్ మైనస్ తేడా లేనిది) తీసుకో, మామూలు ఎలక్ట్రోలైటిక్ పెట్టకు. వాలు తక్కువ కాబట్టి అద్భుతాలేమీ జరగవు, కానీ సెట్టు వాల్యూమ్ మరో నాలుగైదు గీతలు హాయిగా పెంచుకోవచ్చు. సబ్ లేదు కాబట్టి కింది బాస్ కొంత పోతుంది, అది నీకిష్టమో కాదో విని చూసుకో.

ఫేజ్_పిచ్చోడు

తాతగారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. యాంప్ మీద నాబులతో పని లేదు. మనోడి సెట్టులోనే హెచ్‌పీఎఫ్, ఎల్‌పీఎఫ్ ఉన్నాయి. అవి డిజిటల్, 80 అంటే 80యే. యాంప్ మీద ఉన్నది చిన్న పొటెన్షియోమీటరు, దాని చుట్టూ గీసిన అంకెలు ఉజ్జాయింపు. ఎడమ కుడి ఛానళ్లు కూడా సరిగ్గా ఒకే చోట కోయవు. యాంప్‌లో ముందు ఛానళ్లు 'ఫుల్' మీదే ఉంచి, వెనక ఎల్‌పీఎఫ్ చివరి అంకెకి తిప్పేసి, మొత్తం కోత సెట్టులో పెట్టుకోమనండి.

కరెంటు_తాత

సెట్టు మంచిదైతే నువ్వన్నదే కరెక్టు. కొన్ని చవక ఆండ్రాయిడ్ సెట్లలో ఆ పేజీ ఉంటుంది, నాబ్ తిరుగుతుంది, సౌండులో ఏమీ మారదు. అది పని చేస్తోందో లేదో చూడకుండా ముందు ఛానళ్లని 'ఫుల్' మీద వదిలేస్తే మళ్లీ కథ మొదటికే. మరో సంగతి, ఏదో రోజు బ్యాటరీ తీసి పెడతారు, సెట్టు అన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ సెట్టింగుకి వెళ్లిపోతుంది. ఆ రోజు డోర్ స్పీకర్లని కాపాడేది యాంప్ మీది నాబే.

మధురవాడ_మనోడు

మరి రెండు చోట్లా 80 పెట్టేస్తే? ఒకటి పోయినా ఒకటి ఉంటుంది కదా.

ఫేజ్_పిచ్చోడు

ఇక్కడే అసలు మజా ఉంది. రెండు చోట్లా పెడితే రెండు వాలులూ కలుస్తాయి. 12కి 12 కలిసి 24 డీబీ అవుతుంది, కోత అంకె దగ్గర 3 డీబీ బదులు 6 డీబీ తగ్గుతుంది. వినడానికి తప్పులా ఉంటుంది కానీ, రెండూ సరిగ్గా ఒకే అంకె మీద ఉండి, రెండూ బటర్‌వర్త్ రకం (కోత అంకె దగ్గర 3 డీబీ తగ్గేది) అయితే వచ్చేది లింక్విట్జ్-రైలీ 24 డీబీ ఫిల్టరే! హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీ దీని మీద పని చేశారు, 1976లో లింక్విట్జ్ పేపరు అచ్చయింది. ఆ రకంలో పైదీ కిందిదీ కలిసినప్పుడు మొత్తం సమంగా వస్తుంది, దిబ్బా ఉండదు, గుంతా ఉండదు.

కానీ అంకెలు కలవాలి. సెట్టులో 80, యాంప్‌లో నిజానికి 110 అనుకోండి, డోర్లు 110 నుంచే తగ్గిపోతాయి, సబ్ 80 దగ్గర ఆగిపోతుంది, మధ్యలో గుంత. గొంతులో కండ పోయి సన్నగా వినిపిస్తుంది. జనం అప్పుడు ఈక్వలైజర్‌లో 100 దగ్గర పెంచుతారు. అదో అంతులేని సీరియల్.

కరెంటు_తాత

అందుకే నాబ్ మీది అంకెని నమ్మొద్దు, కొలుచుకోమంటాను. మల్టీమీటరు ఉందా బాబూ? ఉంటే స్పీకరు తీగలు యాంప్ నుంచి పీకేసి, మీటరుని ఏసీ వోల్టుల మీద పెట్టి, ముందు ఛానల్ టెర్మినళ్ల మీద ఆనించు. ఫోనులో టోన్లు వినిపించే యాప్ ఉచితంగా దొరుకుతుంది. 300 హెర్ట్జ్ టోన్ పెట్టి, మీటరు 10 వోల్టులు చూపేలా వాల్యూమ్ సర్దు. ఇంక వాల్యూమ్ ముట్టుకోకుండా టోన్‌ని 200, 150, 120, 100 అని దించుతూ రా. మీటరు ఎక్కడ 7 వోల్టులకి వస్తే అక్కడే నిజమైన కోత. చవక మీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి, 400 లోపు పర్లేదు.

పనిలో పని, గెయిన్ కూడా ఇప్పుడే పెట్టెయ్. గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు. సెట్టు ఇచ్చే వోల్టేజీకి యాంప్‌ని జత చేసేది. ఛానల్‌కి ఎన్ని వాట్లు, ఎన్ని ఓమ్‌లు? రెండూ గుణించి వర్గమూలం తీయి. 4 ఓమ్‌లకి 75 వాట్లయితే 17.3 వోల్టులు. బ్రిడ్జ్‌లో 4 ఓమ్‌లకి 200 వాట్లయితే 28.3. సెట్టులో ఈక్వలైజర్ ఫ్లాట్ పెట్టి, సున్నా డీబీ టోన్ (రికార్డింగులో పూర్తి మోతాదుది) పెట్టి, వాల్యూమ్ ముప్పావు దగ్గర ఆపి, మీటరు ఆ వోల్టులు చూపే వరకు గెయిన్ తిప్పి వదిలెయ్. డోర్లకి 300 హెర్ట్జ్ టోన్, సబ్‌కి 50 హెర్ట్జ్. స్పీకరు తీగలు పీకి ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకో. ఇంజన్ ఆన్‌లో ఉండాలి. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో చేయకు, పొగ.

మధురవాడ_మనోడు

చేశాను తాతగారూ, ఆదివారం పొద్దున్నే రుషికొండ దగ్గర ఖాళీ చోటు చూసుకుని.

హెచ్‌పీఎఫ్ గీత 80 మీద పెడితే మీటరు 7కి వచ్చింది 105 దగ్గర. ఎల్‌పీఎఫ్ గీత 80 మీద ఉంటే నిజమైన కోత 92. అంటే ఒకే అంకె పెట్టుకున్నానని నేననుకుంటున్నా, డోర్లూ సబ్బూ ఎవరి దారి వారిదే. ఇప్పుడు హెచ్‌పీఎఫ్ నాబ్ 60 గీత కంటే పిసరంత పైన, ఎల్‌పీఎఫ్ 70 దగ్గర పెడితే రెండూ 80కి కుదిరాయి. మార్కర్‌తో చుక్కలు పెట్టాను.

గెయిన్ చూసి ఆశ్చర్యపోయాను. 17.3 వోల్టులు మూడో వంతు తిప్పకముందే వచ్చేశాయి. ఇన్నాళ్లూ ముప్పావు మీద నడిచింది.

సెట్టులోని హెచ్‌పీఎఫ్ పేజీ కూడా పరీక్షించాను, నిజంగానే పని చేస్తోంది. ప్రస్తుతానికి దాన్ని ఆఫ్ చేసి యాంప్ మీదే నడుపుతున్నాను. చిటపట పూర్తిగా పోయింది. గొంతు ముందుకొచ్చింది. కానీ బాస్ సప్పగా ఉంది, గురూ ఇప్పుడు నవ్వుతాడు.

గాజువాక_గురు

నవ్వట్లేదు గురూ, ఈల వేస్తున్నా.

ఫేజ్_పిచ్చోడు

సబ్‌కి ఫేజ్ స్విచ్ ఉందా? 0, 180 అని ఉంటుంది. లేకపోతే సబ్ తీగలు ప్లస్ మైనస్ మార్చినా అదే.

కారణం చెబుతాను. 12 డీబీ హెచ్‌పీఎఫ్, 12 డీబీ ఎల్‌పీఎఫ్ ఒకే అంకె మీద పెడితే, ఆ అంకె దగ్గర రెండింటికీ మధ్య 180 డిగ్రీల తేడా వస్తుంది. డోర్ కోను ముందుకొస్తుంటే సబ్ కోను వెనక్కి పోతుంది. ఒకదాన్నొకటి మింగేస్తాయి. కాగితం మీద అయితే సబ్‌ని తిరగేస్తే సరిపోతుంది. కారులో ఇంకో మెలిక ఉంది. 80 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 4.3 మీటర్లు. సగం తరంగం 2.15 మీటర్లు. డిక్కీలో సబ్ నుంచి మీ చెవికి ఎంత దూరం? ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే ఏ వైపు సరైనదో లెక్క వేసి చెప్పలేం, పెట్టి చూడాల్సిందే. డ్రైవరు సీట్లో మీరు కూర్చోండి, 80 టోన్ పెట్టండి, ఇంకొకరిని స్విచ్ మార్చమనండి. ఎటు పెడితే సౌండు పెరిగితే అటే ఉంచండి.

మధురవాడ_మనోడు

మా తమ్ముణ్ణి డిక్కీ దగ్గర నిలబెట్టి చేశాను. ఫేజ్ స్విచ్ లేదు, తీగలు మార్చాం. తేడా మాటల్లో చెప్పలేను! బూస్ట్ సున్నా మీదే ఉంది, సీటు కింద నేల కదులుతోంది. ఇంతకుముందు బూస్ట్ 12 పెట్టినా ఇంత గట్టి దెబ్బ రాలేదు, ఊరికే గుమ్మని మోగేది.

గాజువాక_గురు

ఇదేదో మా కుర్రాడి బండిలో కూడా చూడాలి. తీగలు మార్చడానికి ఖర్చేమీ లేదుగా. బూస్ట్ మాత్రం నాకు 3 అన్నా ఉండాలి, నా మాట నాది.

సీతమ్మధార_శ్రుతి

ఉంచుకోండి గురూ, మీ కారు మీ ఇష్టం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నివాస ప్రాంతంలో 45 డీబీ దాటకూడదని కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. మా వీధి చివర ఒకాయన పదకొండింటికి కారు పార్క్ చేస్తూ కూడా ఆపడు. ఆయన మీరు కాదనే అనుకుంటున్నాను.

గాజువాక_గురు

సీతమ్మధారకి నేను రావట్లేదమ్మా, ఒట్టు.

కరెంటు_తాత

మనోడు బాబూ, నీది పోర్టు బాక్సు అన్నావు. సబ్‌సోనిక్ ఫిల్టరు, అంటే మరీ కింది బాస్‌ని సబ్‌కి వెళ్లకుండా ఆపేది, దాని మాట ఇంకా రాలేదు. సీల్డ్ బాక్సులో మూసి ఉన్న గాలి స్ప్రింగులా కోనుని పట్టుకుంటుంది. పోర్టు బాక్సుకి అది ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ వరకే. అంతకంటే కిందికి వెళ్తే గాలి పోర్టులోంచి రాకపోకలు సాగిస్తుంది, కోనుకి పట్టు పోతుంది. సౌండు పెద్దగా రాదు, కోను మాత్రం ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. కొత్త పాటల్లో 30 కింద బాస్ పుష్కలంగా ఉంటుంది, అక్కడే సబ్ చిరిగేది.

ట్యూనింగ్ ఎంతో కనుక్కోవడం తేలిక. తక్కువ వాల్యూమ్‌లో 50 నుంచి టోన్ దించుకుంటూ వస్తూ కోనుని చూడు. ఒకచోట కోను దాదాపు ఆగిపోతుంది, పోర్టులోంచి గాలి మాత్రం జోరుగా వస్తుంది. అదే ట్యూనింగ్. దానికంటే ఓ ఐదారు హెర్ట్జ్ కింద సబ్‌సోనిక్ పెట్టు.

మధురవాడ_మనోడు

ఇది చూడ్డానికి బలే ఉంది తాతగారూ. 45 దగ్గర కోను కనబడేలా ఊగుతోంది. 40కి వచ్చేసరికి తగ్గింది. 37 దగ్గర వేలు పెట్టి చూస్తే తప్ప కదులుతోందని తెలియట్లేదు, కానీ పోర్టు దగ్గర అగరొత్తి పెడితే పొగ చిందరవందర. 30కి దించగానే కోను పిచ్చెక్కినట్టు ఊగింది, వెంటనే ఆపేశాను. యాంప్‌లో సబ్‌సోనిక్ లేదు. సెట్టులో సబ్‌కి హెచ్‌పీఎఫ్ ఉంది, అది 31 మీద పెట్టాను. బాస్ ఏమీ తగ్గినట్టు లేదు.

భీమిలి_బ్యాటరీ

ఇంకో డౌటు. మా ఇల్లు సముద్రానికి దగ్గర. మా బావ కారులో యాంప్ ఉంది, ఇంజన్ రేజ్ చేస్తే స్పీకర్లలో కూడా కీచుమంటూ పెరుగుతోంది. ఇది కూడా క్రాసోవర్ వల్లేనా?

కరెంటు_తాత

కాదు. అది ఆల్టర్నేటర్ గోల, ఎక్కువ సార్లు గ్రౌండ్ దగ్గర వస్తుంది. మన తీరంలో ఉప్పు గాలికి గ్రౌండ్ బోల్టు కింద తుప్పు పట్టి కాంటాక్టు పోతుంది. బోల్టు విప్పి, పెయింటు పోయి మెరిసే ఇనుము కనబడేదాకా గీకి, మళ్లీ బిగించి, పైన గ్రీజు పూయమను. అలాగే బ్యాటరీ నుంచి యాంప్‌కి వచ్చే ప్లస్ తీగకి బ్యాటరీ దగ్గరే, అర మీటరు లోపు ఫ్యూజు ఉందో లేదో చూడమను. లేకపోతే పాటలు పక్కన పెట్టి ముందు అది వేయించమను. క్రాసోవర్ తప్పుగా ఉంటే స్పీకరు పోతుంది, ఫ్యూజు లేకపోతే బండి పోతుంది.

మధురవాడ_మనోడు

ఒక్కటే మిగిలింది. ఆడ గొంతుల్లో 'స', 'ష' వచ్చినప్పుడు చెవిలో పొడుస్తున్నట్టుంది. ట్వీటర్లు (పై సౌండ్లు ఇచ్చే చిన్న స్పీకర్లు) అద్దం పక్కన పిల్లర్ మీద ఉన్నాయి. హెచ్‌పీఎఫ్ పెంచాలా, తగ్గించాలా?

ఫేజ్_పిచ్చోడు

అది యాంప్ మీది హెచ్‌పీఎఫ్ పరిధి కాదు. కాంపోనెంట్ సెట్టుతో చిన్న నల్ల డబ్బాలు వచ్చాయి కదా, అవీ క్రాసోవర్లే. డోర్ స్పీకరుకీ ట్వీటరుకీ మధ్య పంపకం అక్కడ జరుగుతుంది, సాధారణంగా మూడు నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర. చాలా డబ్బాల్లో ట్వీటరుకి 0, మైనస్ 3 డీబీ అని చిన్న జంపర్ ఉంటుంది. మైనస్ 3కి మార్చండి. దానికీ లొంగకపోతే ట్వీటరుని నేరుగా మీ మొహం వైపు కాకుండా ఎదుటి అద్దం మధ్యకి కాస్త తిప్పి చూడండి.

సీతమ్మధార_శ్రుతి

తిప్పాక వీణ పెట్టి చూడండి. మీటు శబ్దం గీరకుండా, అలాగని మొద్దుబారకుండా ఉంటే చాలు.

మధురవాడ_మనోడు

జంపర్ మార్చాను, పొడుపు తగ్గింది. తిప్పడం వచ్చే ఆదివారం.

భీమిలి_బ్యాటరీ

తాతగారూ, జగదాంబ దగ్గర షాపుల్లో అడిగాను. 400 మైక్రోఫారడ్ అనేదే లేదన్నారు. 470 ఉంది, 50 వోల్టులది. తెచ్చేశాను. పనికొస్తుందా?

కరెంటు_తాత

పనికొస్తుంది. 4 ఓమ్‌లకి 470 అంటే కోత 85 దగ్గర పడుతుంది, నీకు ఇంకా మంచిదే, కొంచెం బాస్ మిగులుతుంది. వోల్టులు కూడా సరిపోతాయి. ఒంటి మీద బీపీ అనో ఎన్‌పీ అనో ఉందో లేదో చూసుకో, ఒక కాలు పక్కన మైనస్ గీత ఉంటే తిరిగి ఇచ్చెయ్. జాయింట్లకి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయకు. వానాకాలం డోరు లోపలికి నీళ్లు దిగుతాయి, టేపు జిగురు ఊడిపోతుంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, డోరు అడుగున కాకుండా పైన జిప్ టై కట్టు.